మైగ్రేన్ ఉన్నవాళ్లు పేగుల సంగతి ఎలా చూసుకోవాలి

నొప్పి మొదలవగానే మాత్ర వేసుకుని, కర్టెన్లు మూసి, తడిగుడ్డ నుదుటి మీద పెట్టుకుని పడుకున్నాను. గంటన్నర తర్వాత వాంతి అయింది. మధ్యాహ్నం తిన్నది తిన్నట్టే బయటికొచ్చింది, దాని మధ్యలో నేను వేసుకున్న మాత్ర తెల్లటి పొడిముద్దలా కనిపిస్తూనే ఉంది. అంటే అంతసేపూ అది కడుపులోనే కూర్చుంది, పేగుల్లోకి దిగనే లేదు. ఆ రోజు నుంచే నేను మైగ్రేన్‌ని తలనొప్పి అని మాత్రమే అనుకోవడం మానేశాను.

మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఇది కొత్త విషయమేం కాదు. కణత దగ్గర పోటు మొదలవకముందే కడుపులో తిప్పడం, తిండి వాసన పడకపోవడం, కొంతమందికి మలబద్ధకం, కొంతమందికి నొప్పి తగ్గే వేళకి విరేచనాలు. ప్రపంచంలో వంద కోట్ల మందికి పైగా మైగ్రేన్‌తో బతుకుతున్నారు, వాళ్లలో చాలామందికి పొట్ట సమస్య కూడా తోడుగానే ఉంటుంది. పేగుల్లో ఉండే బ్యాక్టీరియాకి ఇందులో పాత్ర ఉందని ఇప్పుడు గట్టిగానే చెబుతున్నారు. అయితే ఆ మాట వినగానే పరిగెత్తి ప్రోబయోటిక్ (మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న మందు) డబ్బా కొనేయకండి, పది రకాల తిండి ఒకేసారి మానేయకండి. ఒక వరస ఉంది, ఆ వరసలో వెళ్తే మీకు ఏది పనిచేస్తోందో మీకే తెలుస్తుంది.

అసలు సంబంధం ఏంటి, రెండు నిమిషాల్లో

పేగులకీ మెదడుకీ మధ్య వాగస్ అనే పెద్ద నాడి ఉంది. దాంట్లో ఎక్కువ తీగలు మెదడు నుంచి కిందికి కాదు, పొట్ట నుంచి పైకి వార్తలు మోస్తాయి. నాడుల మధ్య వార్తలు మోసే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. ఒంట్లో ఉండే సెరటోనిన్‌లో నూటికి తొంభై పాళ్లు పేగుల్లోనే తయారవుతుంది, దాని తయారీని బ్యాక్టీరియా ప్రభావితం చేస్తుందని 2015లో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది. పేగుల్లోని సెరటోనిన్ నేరుగా మెదడులోకి వెళ్లదు, ఇది చాలామంది తప్పుగా రాసే విషయం. మెదడు తన సెరటోనిన్ తనే చేసుకుంటుంది. దానికి కావలసిన ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకు మాత్రం తిండి నుంచే రావాలి, అందులో ఎంత మిగులుతుందన్నది కొంతవరకు బ్యాక్టీరియా చేతిలో ఉంటుంది.

ఇంకొకటి నైట్రేట్ల కథ. గుండెజబ్బుకి నైట్రేట్ మందులు వేసుకునేవాళ్లకి తలనొప్పి రావడం డాక్టర్లందరికీ తెలిసిన విషయమే, ఆ మందు నుంచి పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలని వెడల్పు చేస్తుంది. 2016లో కాలిఫోర్నియాలోని శాన్‌డియాగో పరిశోధకులు 172 నోటి నమూనాలు, 1,996 మలం నమూనాలు చూస్తే, మైగ్రేన్ ఉన్నవాళ్ల నోట్లో నైట్రేట్లని మార్చే బ్యాక్టీరియా జన్యువులు ఎక్కువగా కనిపించాయి, మలంలో కూడా తేడా ఉంది కానీ కొంచెమే. ఆ బ్యాక్టీరియా వల్లే మైగ్రేన్ వస్తోందని ఈ అధ్యయనం చెప్పలేదు, రెండూ కలిసి కనబడ్డాయి అంతే. ఇది చదివి ఆకుకూరల్లో నైట్రేట్లు ఉన్నాయని వాటిని మానేసినవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి. మానేయాలనుకుంటే నైట్రైట్ (నైట్రేట్ మారితే వచ్చేది) కలిపి నిల్వచేసిన మాంసాలు మానేయండి, వాటివల్ల తలనొప్పి వచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు.

మూడోది, పీచు. మనం అరిగించుకోలేని పీచుని పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు చేస్తుంది. పేగు లోపలి పొరలోని కణాలకి అదే ముఖ్యమైన ఆహారం. ఆ పొర బలహీనపడితే బ్యాక్టీరియా పైపెంకు ముక్కలు రక్తంలోకి జారి వాపు రసాయనాలు పెరుగుతాయి, అవి నొప్పి నాడుల్ని మరింత చురుగ్గా చేస్తాయని అంటున్నారు. ఎలుకలకి యాంటీబయోటిక్స్ ఇచ్చి పేగు బ్యాక్టీరియాని చెదరగొడితే మైగ్రేన్ లాంటి నొప్పి ఎక్కువసేపు ఉందని కూడా చూశారు. ఎలుకలు మనుషులు కావు, అది గుర్తుపెట్టుకుని ముందుకి వెళ్దాం.

మొదటి పని: అది మైగ్రేనేనా?

మందు లేకుండా వదిలేస్తే 4 నుంచి 72 గంటలు ఉండటం, ఒక పక్క ఎక్కువ, పోటు పొడిచినట్టు రావడం, నడిస్తే మెట్లెక్కితే పెరగడం, వికారం, వెలుతురు శబ్దం భరించలేకపోవడం, ఇలాంటిది కనీసం ఐదుసార్లైనా వచ్చి ఉంటే మైగ్రేన్ అనే అనుమానించాలి. నిర్ధారణ డాక్టర్ చేయాలి.

ఉన్నట్టుండి క్షణాల్లో భరించలేనంత నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకుపోయినా, మాట తడబడినా, ఒక చెయ్యో కాలో పట్టు తప్పినా, తలకి దెబ్బ తగిలాక మొదలైనా, యాభై దాటాక మొదటిసారి వచ్చినా, గర్భంతో ఉన్నప్పుడో కాన్పు అయ్యాకో కొత్తగా వచ్చినా పేగుల సంగతి పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. పొట్ట వైపు నుంచి కూడా కొన్ని హెచ్చరికలున్నాయి: మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్రలోంచి లేపేసే విరేచనాలు. ఇవి ఉంటే ఇంట్లో ప్రయోగాలు వద్దు. పొట్ట ఇబ్బంది చాలాకాలంగా ఉంటే గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బుకి రక్తపరీక్ష చేయాలేమో అడగండి, ఆ జబ్బు ఉన్నవాళ్లలో మైగ్రేన్ ఎక్కువ. పరీక్ష అయ్యేదాకా మాత్రం గోధుమ మానకండి, మానేస్తే పరీక్షలో దొరకదు.

రెండో పని: తలకీ పొట్టకీ ఒకే పుస్తకం

ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఇదే అందరూ దాటేసేది కూడా. నాలుగు వారాలు ఏమీ మార్చకుండా రాయండి. తలనొప్పి డైరీ చాలామంది రాస్తారు కానీ అందులో విరేచనం సంగతి ఉండదు, రాయడానికి మొహమాటం. మొహమాటం వదిలేయండి. నా పుస్తకంలో ఒక రోజు ఇలా ఉంది:

"మంగళవారం. పొద్దున విరేచనం లేదు, ఇది రెండో రోజు. మధ్యాహ్నం తిండి మూడింటికి. సాయంత్రం ఆవులింతలు, మెడ పట్టేసింది, తీపి మీద మనసు. చాక్లెట్ తిన్నాను. రాత్రి తొమ్మిదికి ఎడమ కణత, నొప్పి పదిలో ఏడు. మాత్ర తొమ్మిదిన్నరకి. వాంతి ఒకసారి."

ఈ నాలుగు ముక్కల్లో ఎంత ఉందో చూడండి. ఆ రోజు నేను చాక్లెట్‌నే తిట్టుకున్నాను. కానీ ఆవులింతలు, మెడ పట్టేయడం, తీపి మీద యావ, ఇవన్నీ మైగ్రేన్ లోపల మొదలైపోయాక, నొప్పి రావడానికి గంటల ముందు, ఒక్కోసారి ముందురోజే కనబడే లక్షణాలు. చాక్లెట్ తిన్నందుకు మైగ్రేన్ రాలేదు, మైగ్రేన్ వస్తోంది కాబట్టే చాక్లెట్ తినాలనిపించింది. ఇలా ఒక్కో తిండి మీద నింద వేసుకుంటూ పోయి, చివరికి తినడానికి రెండు మూడు వస్తువులు మిగుల్చుకున్నవాళ్లు ఉన్నారు. తిండిలో రకాలు తగ్గితే పేగుల్లో బ్యాక్టీరియా రకాలు కూడా తగ్గుతాయి, మనం చేయాలనుకున్నదానికి అది పూర్తిగా ఎదురు.

మలం తీరు రాయడానికి బ్రిస్టల్ చార్ట్ అని ఒకటుంది, 1 నుంచి 7 దాకా. 1, 2 అంటే గట్టి ఉండలు, మలబద్ధకం. 3, 4 మామూలు. 6, 7 పలచటి విరేచనాలు. ఒక అంకె రాస్తే చాలు. దానితోపాటు తిన్న వేళలు, నిద్ర, ఏ మందు ఏ రోజు వేసుకున్నారు, ఆడవాళ్లైతే నెలసరి తేదీలు. నెలసరి ముందు ఈస్ట్రోజన్ హార్మోన్ పడిపోవడం మైగ్రేన్‌కి బలమైన కారణం, అదే రోజుల్లో పొట్ట తీరు కూడా మారుతుంది, కాబట్టి తేదీలు లేకపోతే నెలసరి చేసిన పని తిండి మీదకి నెట్టేస్తారు.

మూడో పని: వేళకి తినడం, పొట్ట సాఫీగా ఉండేలా చూసుకోవడం

నాలుగు వారాల తర్వాత మొట్టమొదట మార్చాల్సింది ఏం తింటున్నారన్నది కాదు, ఎప్పుడు తింటున్నారన్నది. ఒక పూట తిండి మానేయడం మైగ్రేన్‌ని రప్పించే కారణాల్లో బాగా తెలిసినది. పొద్దున లేచిన కాసేపటికే ఏదో ఒకటి తినండి, పూటకీ పూటకీ మధ్య నాలుగైదు గంటలు దాటనివ్వకండి. నిద్ర లేచే వేళ సెలవురోజు కూడా మారకుండా చూసుకోండి. వినడానికి చప్పగా ఉంటుంది గానీ, పేగుల బ్యాక్టీరియాకి కూడా పగలూ రాత్రీ లయ ఉంటుంది, అది మన తిండి వేళల మీదే నడుస్తుంది.

మలబద్ధకం ఉంటే దాన్ని సరిచేయకుండా ప్రోబయోటిక్ జోలికి పోకండి. నీళ్లు, నడక, పొద్దున తిన్నాక పది నిమిషాలు తీరిగ్గా టాయిలెట్‌లో కూర్చోవడం, కాళ్ల కింద చిన్న పీట. కాఫీ తాగితేనే విరేచనం అయ్యేవాళ్లు ఒక కప్పు తాగండి, తప్పులేదు, రోజూ ఒకే వేళకి ఒకే మోతాదు తాగడం ముఖ్యం. అప్పుడప్పుడు మైగ్రేన్ వచ్చేవాళ్ల మీద 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో రోజుకి మూడు అంతకన్నా ఎక్కువ కెఫీన్ డ్రింకులు తాగిన రోజుల్లోనే మైగ్రేన్ ఎక్కువగా కనబడింది.

మీరు వేసుకునే మందులు కూడా చూడండి. మైగ్రేన్ రాకుండా ఇచ్చే అమిట్రిప్టిలిన్ మలబద్ధకం తెస్తుంది. మైగ్రేన్ కోసమే 2018లో వచ్చిన ఎరెన్యుమాబ్ ఇంజెక్షన్ కూడా తెస్తుంది, ఎందుకంటే అది అడ్డుకునేది సీజీఆర్‌పీ అనే రసాయనం చేసే పనిని. ఆ రసాయనం తలలో నొప్పి నాడుల దగ్గరే కాదు, పేగుల కదలికలో కూడా పనిచేస్తుంది. మెగ్నీషియం దీనికి ఉల్టా, మైగ్రేన్ తగ్గడానికి వాడతారు, మోతాదు పెరిగితే విరేచనాలు. మలబద్ధకం ఉన్నవాళ్లకి ఇది రెండు విధాలా కలిసొస్తుంది, కానీ కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. ఏ మందునీ సొంతంగా ఆపకండి, పొట్ట ఇలా అవుతోందని చెప్పి మార్పించుకోండి.

నాలుగో పని: పీచు, మెల్లగా

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి కనీసం 25 గ్రాముల పీచు ఉండాలంటోంది. పప్పులు, బీన్స్, పైపొట్టు తీయని ధాన్యాలు, కూరగాయలు, పండ్లు, గింజలు. ఉత్సాహంతో ఒక్కరోజులో రెట్టింపు చేస్తే పొట్ట డోలులా ఉబ్బుతుంది, గ్యాస్ పట్టి నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు తలనొప్పి, ఇక పీచు నాకు పడదు అని తీర్మానించేస్తారు. వారానికి ఒక్కటి చేర్చండి. ఈ వారం ఒక పూట గరిటెడు పప్పు, వచ్చే వారం ఒక పండు. ఉబ్బరం వస్తే ఒక మెట్టు వెనక్కి దిగి రెండు వారాలు ఆగండి.

వారానికి 30 రకాల మొక్కల ఆహారం తినేవాళ్లలో, 10 రకాల లోపు తినేవాళ్లకన్నా బ్యాక్టీరియా రకాలు ఎక్కువ ఉన్నాయని 2018లో వేలమంది నమూనాలతో చూశారు. గింజలు, మసాలాలు, ఆకులు కూడా లెక్కలోకే వస్తాయి, భయపడక్కర్లేదు. వాటివల్ల మైగ్రేన్ తగ్గుతుందని ఆ లెక్క చెప్పలేదు, రకం పెంచుకోవడానికి అదొక కొలబద్ద అనుకోండి.

పీచు ఎంత మెల్లగా పెంచినా కడుపునొప్పి, విరేచనాలు, మలబద్ధకం మారిమారి వస్తుంటే ఇరిటబుల్ బవెల్ అనే పేగుల ఇబ్బంది ఉందేమో చూపించుకోండి, మైగ్రేన్ ఉన్నవాళ్లలో ఇది మామూలే. దానికి పులిసి గ్యాస్ చేసే కొన్ని పిండిపదార్థాలని రెండు నుంచి ఆరు వారాలు తగ్గించి, మళ్లీ ఒక్కొక్కటే తిరిగి చేర్చే పద్ధతి ఉంది. తిరిగి చేర్చడమే అందులో అసలు పని. తగ్గించడం దగ్గరే ఏళ్ల తరబడి ఆగిపోకండి, డైటీషియన్ దగ్గర ఉండి చేయిస్తే మంచిది.

ఐదో పని: పులిసినవి, ప్రోబయోటిక్స్

2021లో స్టాన్‌ఫర్డ్‌లో 36 మందిని రెండు జట్లు చేసి, పది వారాలు ఒక జట్టుకి పీచు ఎక్కువగా, రెండో జట్టుకి పెరుగు లాంటి పులిసిన ఆహారం ఎక్కువగా పెట్టారు. పులిసినవి తిన్న జట్టులో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, 19 రకాల వాపు ప్రోటీన్లు తగ్గాయి. బాగానే ఉంది, కానీ వాళ్లు మైగ్రేన్ ఉన్నవాళ్లు కాదు, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు. మైగ్రేన్ ఉన్న కొంతమందికి బాగా పులిసినవి, ఎక్కువకాలం నిల్వ ఉంచిన చీజ్ లాంటివి వాటిలోని హిస్టమిన్, టైరమిన్ అనే రసాయనాల వల్ల నొప్పి తెస్తాయి. అందుకే తాజా పెరుగు నాలుగైదు చెంచాలతో మొదలుపెట్టి, రెండు వారాలు పుస్తకంలో చూసుకుని అప్పుడు పెంచండి.

ప్రోబయోటిక్ విషయంలో నేను మీకు మెత్తగా చెప్పలేను, డబ్బాల మీద రాసినంత ధైర్యంగా ప్రయోగాలు చెప్పడం లేదు. 2017లో నెదర్లాండ్స్‌లో 63 మందికి పన్నెండు వారాలు కొందరికి నిజంది, కొందరికి ఉత్తది ఇచ్చి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2019లో ఇరాన్‌లో 14 రకాల బ్యాక్టీరియా కలిపిన మందు ఇస్తే మైగ్రేన్ ఎన్నిసార్లు వస్తోందన్నది బాగా తగ్గింది. రెండిట్లో వాడిన బ్యాక్టీరియా వేరు. ప్రోబయోటిక్ అనేది ఒకే మందు కాదు, అన్నిటినీ ఆ ఒక్క పేరుతో పిలవడం మందుల దుకాణంలోని మందులన్నిటినీ మాత్ర అని పిలిచినట్టుంటుంది. ప్రయత్నించాలనుకుంటే ఒకే రకం ఎంచుకుని, రకం పేరు రాసుకుని, పన్నెండు వారాలు వాడండి, ఆ పన్నెండు వారాల్లో ఇంకేదీ కొత్తగా మొదలుపెట్టకండి. నొప్పి రోజులు అంతకుముందు నెలకి ఎన్ని, ఇప్పుడు ఎన్ని, అంతే లెక్క. సగానికి తగ్గితే కొనసాగించండి, కదలిక లేకపోతే ఆపేయండి, రెండో డబ్బా రెండో కంపెనీ అంటూ తిరగొద్దు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, కీమో తీసుకుంటున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వీటిని వాడకూడదు.

మలం పంపిస్తే మీ బ్యాక్టీరియా లెక్క చెప్పే టెస్టులున్నాయి కదా అని అడుగుతారు. వాటి కోసం ఖర్చుపెట్టకండి. ఇంత ఉంటే మామూలు అని చెప్పే గీత ఇంకా ఎవరూ గీయలేదు, ఆ రిపోర్టు చూసి మైగ్రేన్ వైద్యం మార్చే దారీ లేదు.

నొప్పి వచ్చిన రోజు

మొదట్లో చెప్పిన మాత్ర సంగతికి వద్దాం. నొప్పి ముదిరేకొద్దీ చాలామందిలో కడుపు కదలిక మందగిస్తుంది, మాత్ర పేగుల్లోకి దిగడం ఆలస్యమవుతుంది. అందుకే తగ్గుతుందేమో చూద్దాం అని ఆగకుండా, డాక్టర్ రాసిచ్చిన మాత్ర నొప్పి చిన్నగా ఉన్నప్పుడే వేసుకోవాలి. వాంతులు ఎక్కువగా అయ్యేవాళ్లు కడుపుని కదిలించే వికారం మందు తోడుగా కావాలేమో, ముక్కులో కొట్టుకునే స్ప్రే గానీ ఇంజెక్షన్ గానీ తమకి కుదురుతుందేమో అడగాలి. నాలుక మీద కరిగే మాత్ర అంటే నోట్లోంచే రక్తంలోకి వెళ్లిపోతుందనుకోకండి, మైగ్రేన్‌కి ఇచ్చే అలాంటి ట్రిప్టాన్ మాత్రలు ఉమ్ముతో మింగాక పేగుల్లోనే ఇంకుతాయి.

కానీ ముందే వేసుకోవడం వేరు, రోజూ వేసుకోవడం వేరు. మామూలు పెయిన్ కిల్లర్ నెలలో 15 రోజులు, ట్రిప్టాన్ గానీ రెండు మూడు మందులు కలిపిన మాత్ర గానీ 10 రోజులు చొప్పున మూడు నెలలు దాటితే ఆ మాత్రలే తలనొప్పిని తెచ్చిపెడతాయి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి పైగా కడుపు పొరనీ పేగు పొరనీ గాయపరుస్తాయి. పొట్ట బాగుచేసుకోవాలని పెరుగు తింటూ రోజు విడిచి రోజు పెయిన్ కిల్లర్ వేసుకుంటుంటే, ముందు సరిచేయాల్సింది పెయిన్ కిల్లర్‌ని. ఎప్పటినుంచో ఎక్కువగా వాడుతున్నవాళ్లు ఒంటరిగా ఆపే ప్రయత్నం చేయకండి, మొదటి వారం రెండు వారాలు నొప్పి పెరుగుతుంది, డాక్టర్ తోడు ఉంటే దాటేయొచ్చు. యాంటీబయోటిక్స్ సంగతి కూడా ఇంతే, అవసరమైనప్పుడు పూర్తిగా వాడండి, జలుబుకి వైరస్ జ్వరానికి మాత్రం అడిగి మరీ రాయించుకోకండి, చెదిరిన బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

పిల్లల గురించి ఒక్క మాట. తలనొప్పి లేకుండా, బొడ్డు దగ్గర నొప్పి, ముఖం పాలిపోవడం, వికారంతో గంటల తరబడి బాధపడి, మళ్లీ కొన్ని వారాలు మామూలుగా ఉండే పిల్లలుంటారు. దాన్ని పొట్ట మైగ్రేన్ అంటారు. బడి ఎగ్గొట్టడానికి నాటకం అని కొట్టిపారేయకుండా, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లకి మైగ్రేన్ ఉంటే, పిల్లల డాక్టర్‌కి ఆ మాట కూడా చెప్పండి.

మూడు నాలుగు నెలలు ఇలా చేశాక కూడా నెలకి నాలుగు రోజులో అంతకన్నా ఎక్కువో నొప్పి వస్తుంటే, రాకుండా ఆపే మందు గురించి న్యూరాలజిస్ట్‌ని అడగాల్సిన సమయం వచ్చినట్టే. వెళ్లేటప్పుడు పుస్తకం తీసుకెళ్లండి, విరేచనం అంకెలున్న పేజీ కూడా తెరిచి చూపించండి. మీకు మలబద్ధకం ఉందో, విరేచనాలు ఉన్నాయో, వాంతులు ఎంత త్వరగా మొదలవుతాయో తెలిస్తే ఏ మందు రాయాలో, ఏది మీకు పనికిరాదో వాళ్లు అక్కడికక్కడే తేల్చుకోగలుగుతారు.